చికిత్సా కిరణానికి చూపు వచ్చిన కథ

కర్నూలు నుండి హైదరాబాదుకో, కడప నుండి చెన్నైకో రాచపుండు చికిత్సకై వెళ్ళే రోగి ఒక్కనాటితో తిరిగి రాలేడు. కిరణ చికిత్స తరచుగా వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు సాగుతుంది. ప్రతిదినమూ అదే బల్లమీద అదే భంగిమలో పడుకోవాలి. చర్మం మీది గుర్తు నిన్నటి చోటనే ఉంటుంది. లోపలి గడ్డ మాటేమిటి? మూత్రాశయం నిండినచో ప్రక్క అవయవాలు జరుగుతాయి. తిండి తగ్గి రోగి చిక్కిపోవచ్చు. కిరణం గురి తప్పితే గడ్డ మిగులుతుంది, మంచి కణజాలం దెబ్బతింటుంది.

1951లో కెనడాలో మొదలైన కోబాల్టు-60 చికిత్స తరువాత చెన్నై అడయారు క్యాన్సర్ సంస్థకు వచ్చింది. గురి సరిచూచుటకు రోగి వెనుక ఫిల్ము ఉంచి, చికిత్సా కిరణంతోనే బొమ్మ తీసేవారు. ఆ బొమ్మ వెలవెలబోయేది. 1895లో రాంట్‌జన్ తన భార్య చేతి ఎముకలను అంత స్పష్టంగా చూపగా, అంతకన్న ఎంతో బలమైన కిరణానికి ఈ గ్రుడ్డితనమేమి?

ఆ బలమే కారణం. తక్కువ శక్తి గల ఎక్స్ కిరణాలను పదార్థం శోషించుకోవడం, సమాన ద్రవ్యరాశికి, పరమాణు సంఖ్య యొక్క ఘనాన్ని సుమారుగా అనుసరిస్తుంది. ఎముకలోని కాల్షియం సంఖ్య 20, కండలోని ఆక్సిజన్ సంఖ్య 8; రెంటి నిష్పత్తి 2.5, దాని ఘనం 15కు పైమాట. కడప సీమలోని మంగంపేట ముగ్గురాయి బేరియం సల్ఫేటే. బేరియం సంఖ్య 56 గనుక, శుద్ధి చేసిన ఆ పదార్థాన్ని త్రాగించి జీర్ణకోశాన్ని చిత్రిస్తారు. మిలియన్ వోల్టుల స్థాయిలో మాత్రం కిరణం ఎలెక్ట్రానులను ఢీకొని చెదరడమే ప్రధానం. అక్కడ ఎముకకూ కండకూ భేదం స్వల్పం. బాగుచేసే కిరణమే బాగా చూడలేనిది!

ఫిల్ముకు బదులు ఎలెక్ట్రానిక్ ఫలకాలు వచ్చాక కొంత మేలు కలిగింది. అసలు మలుపు అమెరికాలోని విలియం బోమాంట్ ఆస్పత్రిలో డేవిడ్ జాఫ్రే బృందం చేసిన పని. చికిత్సా యంత్రానికే లంబ దిశలో మామూలు ఎక్స్‌రే గొట్టాన్ని, దాని కెదురుగా ఫలకాన్ని అమర్చారు. యంత్రపు బరువైన చేయి ఒక చుట్టు తిరుగుటకు సుమారు నిమిషం పడుతుంది. కాబట్టి పలుచని ముక్కలుగా గాక, శంఖువు వలె విచ్చుకొన్న కిరణంతో ఒకే చుట్టులో వందల బొమ్మలు తీసి, గణకయంత్రం చేత ఘనచిత్రం కట్టించారు. 2002లో ఈ విధానం ప్రచురితమైంది. రోగి బల్ల మీద ఉండగానే గడ్డను చూచి, బల్లను కొద్ది మిల్లీమీటర్లు జరిపి, ఆపై చికిత్సా కిరణం వదలవచ్చు.

2017లో నెదర్లాండ్స్‌లోని ఉత్రెక్ట్‌లో ఎక్స్‌రే గొట్టానికి బదులు 1.5 టెస్లా అయస్కాంత చిత్రణ యంత్రాన్నే జోడించి రోగులకు చికిత్స చేశారు. అందులో చిత్రం కొరకు వేరే కిరణం అక్కరలేదు. ఎక్స్‌రే పద్ధతిలో మాత్రం ప్రతి బొమ్మకూ రోగికి అదనంగా కొద్ది మోతాదు తగులుతుంది. ముప్పది రోజుల బొమ్మల మోతాదును భౌతికవేత్త లెక్కలో చేర్చుకోవలసినదే.