గుణాత్మక పరిశోధన సాఫ్ట్‌వేర్ శిక్షణ: చారిత్రక పరిశీలన

క్షేత్రంలో సేకరించిన మౌఖిక సమాచారాన్ని విశ్లేషించడానికి పరిశోధకులు చాలాకాలం కాగితాన్నీ కత్తెరనూ నమ్ముకున్నారు. సంభాషణ పాఠాన్ని టైపు చేసి, నకళ్లు తీసి, ఒక్కొక్క అంశానికి చెందిన భాగాన్ని కత్తిరించి వేర్వేరు ఫైళ్లలో భద్రపరిచేవారు. ఒకే భాగం రెండు అంశాలకు చెందితే మరో నకలు తీయాలి. ముక్క ఏ సంభాషణలోనిదో అంచున రాసుకోకపోతే సందర్భం శాశ్వతంగా పోతుంది. గుణాత్మక సాఫ్ట్‌వేర్ పుట్టింది ఈ ఇబ్బందిలోనుంచే. విశ్లేషణను యంత్రానికి అప్పగించాలన్న కోరిక దాని మూలం కాదు. తరువాతి శిక్షణ చరిత్రలో ఎక్కువగా మరుగునపడినది ఈ విషయమే.

1981 ప్రాంతంలో మెల్‌బోర్న్‌లోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రవేత్త లిన్ రిచర్డ్స్, తర్కశాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం తెలిసిన టామ్ రిచర్డ్స్ కలిసి నూడిస్ట్ అనే ప్రోగ్రాము రూపకల్పన మొదలుపెట్టారు. అదే దశకంలో అమెరికాలో జాన్ సీడెల్ ఎథ్నోగ్రాఫ్‌నూ, జర్మనీలో ఉడో కుకార్ట్స్ మాక్స్‌నూ రూపొందించారు. 1989లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆరంభమైన అట్లాస్ పరిశోధన ప్రాజెక్టు నుంచి థామస్ మూర్ రూపొందించిన అట్లాస్.టి వచ్చింది. వీటిలో చాలావరకు పరిశోధకులు తమ అవసరం కోసం చేసుకున్న పనిముట్లు. అందువల్ల తొలి దశలో పద్ధతిని నేర్పడమూ పనిముట్టును నేర్పడమూ వేర్వేరు పనులు కాలేదు. రూపకర్తే పరిశోధకుడు, అతడే శిక్షకుడు.

1990 దశకంలో ఈ ఏకత్వం చెదిరింది. సాఫ్ట్‌వేర్ సంస్థల ఉత్పత్తిగా మారింది. 1999లో నూడిస్ట్ వారసత్వంగా ఎన్‌వివో వచ్చింది. రూపకర్తను ఎన్నడూ చూడని అధ్యాపకుడు ఒకటి రెండు రోజుల కార్యశాలలో దాన్ని నేర్చుకోవలసి వచ్చింది. అంత తక్కువ వ్యవధిలో నేర్పగలిగినవి మెనూలు, ఆదేశాలు మాత్రమే. గణాంక సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ లోపం అంతగా బయటపడదు. అక్కడ సగటు కనుక్కునే ఆదేశం సగటును మాత్రమే ఇస్తుంది. గుణాత్మక సాఫ్ట్‌వేర్‌లో కోడ్ ఇచ్చే ఆదేశం ఒకటే. దానితో పరిశోధకుడు విషయసూచిక తయారు చేయవచ్చు, కొత్త భావనను ప్రతిపాదించవచ్చు, తాత్కాలిక సందేహాన్ని నమోదు చేయవచ్చు. ఆ మూడింటి మధ్య భేదం తెరమీద కనిపించదు.

ఈ ప్రమాదాన్ని ముందుగా గుర్తించిన కేంద్రాలలో బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలి. 1989లో అక్కడ జరిగిన సదస్సు ఆధారంగా నైజెల్ ఫీల్డింగ్, రేమండ్ లీ సంపాదకత్వంలో 1991లో ఒక గ్రంథం వెలువడింది. 1994లో అక్కడే కాక్‌డాస్ నెట్‌వర్కింగ్ ప్రాజెక్టు ఏర్పడింది. ఏ ఒక్క సంస్థ ఉత్పత్తినీ సమర్థించకుండా, అనేక ప్రోగ్రాములను పక్కపక్కన పెట్టి పరిచయం చేయడం దాని విధానం. ఈ తటస్థత బోధన రీత్యా చాలా విలువైనది. రెండు పనిముట్లను పోల్చి చూసినవాడే ఏది పద్ధతి, ఏది కేవలం పనిముట్టు అలవాటు అని విడదీయగలడు.

1996లో అమాండా కాఫీ, బెవర్లీ హోల్‌బ్రుక్, పాల్ అట్కిన్సన్ ఒక తీవ్రమైన ఆక్షేపణ చేశారు. సాఫ్ట్‌వేర్ అన్నీ కోడ్ ఇచ్చి తిరిగి వెలికితీసే పనినే ప్రోత్సహిస్తున్నాయనీ, దానివల్ల గుణాత్మక పరిశోధన మొత్తం గ్లేజర్, స్ట్రాస్‌లు 1967లో ప్రతిపాదించిన గ్రౌండెడ్ థియరీ అచ్చులోకి ఒదిగిపోతున్నదనీ వారి వాదం. అదే సంవత్సరం లీ, ఫీల్డింగ్ జవాబిస్తూ, సాఫ్ట్‌వేర్‌ను వాడిన అధ్యయనాలలో అధికభాగం ఆ సిద్ధాంతాన్ని ప్రస్తావించనే లేదని చూపారు. వాస్తవ విషయంలో వారి జవాబు బలమైనది. అయినా ఆక్షేపణ వృథా కాలేదు. సిద్ధాంతం పేరు ఎత్తకుండానే ఒక అలవాటు స్థిరపడగలదు. పేరు లేకపోవడమే కొన్నిసార్లు దాని బలం. 2018లో నికోలస్ వుల్ఫ్, క్రిస్టినా సిల్వర్ వెలువరించిన గ్రంథాలు ఈ చిక్కునే మరోవైపు నుంచి పట్టుకున్నాయి. పరిశోధన లక్ష్యం, విశ్లేషణ ప్రణాళిక ఒకవైపు. సాఫ్ట్‌వేర్ సాధనాలు మరొకవైపు. మొదటిదాన్ని రెండోదానిలోకి అనువదించడమే అసలు నైపుణ్యమనీ, శిక్షణ ఆ మెట్టుమీద నిలవాలనీ వారి ప్రతిపాదన.

తెలుగు మౌఖిక సామగ్రిని విశ్లేషించే పరిశోధకునికి ఈ అనువాదం రెండింతల పని. ఆంగ్ల సామగ్రితో జరిగే శిక్షణలో పద పునరుక్తి గణన ఆకర్షణీయమైన తొలి పాఠం. అక్షరరూపాన్ని మాత్రమే పోల్చే గణనకు తెలుగులో ‘ఇల్లు’, ‘ఇంటికి’, ‘ఇళ్లలో’ మూడు వేర్వేరు పదాలు. ప్రాతిపదికే మారిపోవడం వల్ల మొదటి అక్షరాలతో వెతికినా అన్నీ చిక్కవు. ‘వెళ్లు’, ‘వెళ్ళు’ అన్న లేఖనభేదం కూడా దాని దృష్టిలో పదభేదమే. యూనికోడ్ తొలి రూపంలోనే, 1991లో, తెలుగు లిపికి చోటు దక్కినా, డీటీపీ కోసం చేసిన పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠాలు తెరమీదనే తెలుగు; లోపల ఉన్నవి ఇతర సంకేతాలు. ఈ స్థితిలో వచ్చిన పట్టికను యథాతథంగా సిద్ధాంత వ్యాసంలో చేర్చితే, అంకెలు ఉన్నందువల్లనే అది ప్రమాణంగా చెల్లుబాటయ్యే ప్రమాదం ఉంది.

కోడ్‌కు పేరు పెట్టడంలో ఇంతకన్న సున్నితమైన సమస్య ఉంది. తెలంగాణ గ్రామీణ వృద్ధుడు ‘వెట్టి’ అన్నచోట ‘నిర్బంధ శ్రమ’ అని కోడ్ ఇస్తే సామగ్రి చక్కగా వర్గీకృతమవుతుంది. కానీ ఆ మాటలో ఇమిడిన కులం, దొర, గడి, ఆనవాయితీ ఆ వర్గంలో కనిపించకుండా పోతాయి. చెప్పినవాని మాటనే కోడ్‌గా నిలపడాన్ని గ్రౌండెడ్ థియరీ పరిభాషలో ఇన్ వివో కోడ్ అంటారు. ఎన్‌వివో పేరులో ధ్వనించేది అదే. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయదారుల మాటలను వారి మాటలుగానే ఆరోపాలుగా నిలిపింది. ఎన్‌వివో శిక్షణకు కూర్చున్న తెలుగు అధ్యాపకునికి తొలి అభ్యాసంగా ఇవ్వదగినది అందులోని ఒక పుట.