నెమో నుంచి అశ్వత్థామ దాకా

1902లో ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ చంద్రయానం మీద సినిమా తీసేనాటికి, గోదావరి ఒడ్డున యానాంలో ఎగురుతున్నదీ ఆ దేశపు మూడురంగుల జెండాయే. సైన్స్ ఫిక్షన్ సినిమాకు ఆదిగా చెప్పుకునే ఆ చిత్రం నిడివి పావుగంటకు అటూఇటూ. అందులో హీరోలు గడ్డాల పండితులు. ఫిరంగి గుండులో కూర్చుని చంద్రుడి మీద దిగుతారు. ఎదురొచ్చిన అక్కడి జీవుల్ని గొడుగులతో బాదితే అవి పొగై పేలిపోతాయి. గుండుకు వేలాడుతూ భూమ్మీదకు వచ్చిపడిన ఒకణ్ణి ఊరేగిస్తారు కూడా.

మరి విలన్ ఎవరు? యానాం వీధిలో నిలబడి చూసేవాడికి జవాబు తేలిక. పిలవకుండా వచ్చి కొట్టినవాళ్లే.

అంతకుముందే ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ ఈ చిక్కుముడిని ఇంకా గట్టిగా బిగించాడు. 1870లో పుస్తకంగా వచ్చిన సముద్రగర్భ నవలలో ఓడలను ముంచే కెప్టెన్ నెమో ఎవరో చెప్పలేదు. మొదట రష్యా మీద పగబట్టిన పోలండ్ వాడిగా అనుకున్నాడట. పుస్తకాలు రష్యాలోనూ అమ్ముకోవాలి కదా, ప్రచురణకర్త ఒప్పుకోలేదు. చివరికి 1875 నాటి మరో నవలలో అసలు సంగతి బయటపెట్టాడు: నెమో బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్, 1857 తిరుగుబాటులో సర్వం పోగొట్టుకున్న భారతీయుడు. ఫ్రెంచివాడు ఆంగ్లేయుల మీద పగబట్టిన భారతీయుణ్ణి సృష్టించడంలో సౌకర్యం కూడా ఉందనుకోండి! 1954 నవంబరు 1న యానాం పాలన భారత్ చేతికొచ్చింది. ఆ డిసెంబరులోనే సముద్రగర్భ నవల ఆధారంగా విడుదలైన డిస్నీ చిత్రంలో నెమోగా వేసింది మాత్రం ఇంగ్లిషు నటుడు జేమ్స్ మేసన్.

తెలుగు తెరకు విలన్ వచ్చింది ప్రయోగశాల నుంచి కాదు, జానపదం నుంచి. 'పాతాళభైరవి' (1951)లో ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడికి ఏం కావాలో మనకు మొదటి నుంచీ తెలుసు. పాతాళభైరవి ప్రతిమ కావాలి, దానికో సాహసిని బలివ్వాలి. నలభై ఏళ్ల తర్వాత సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991)లోనూ సూత్రం అదే. అమ్రీష్ పురి వేసిన రాజావర్మకు ప్రపంచాన్ని ఏలాలని లేదు, శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి వజ్రం కావాలి. అంతే. పైకి పెద్దమనిషి, లోపల పురావస్తువుల దొంగ. టైమ్ మెషీన్ ఎంత వింతదైనా దుర్మార్గం మనకు తెలిసినదే కావడంతో కథ నమ్మించింది. బాలకృష్ణ వేసిన కృష్ణకుమార్‌కూ అతీతశక్తులేమీ లేవు. పొరపాటున రాయల కాలంలోకి వెళ్లిపడిన కుర్రాడు.

ఆ సింగీతమే మార్గదర్శకుడిగా నిలిచిన నాగ్ అశ్విన్ చిత్రం 'కల్కి 2898 ఏడీ' (2024). ప్రభాస్ వేసిన భైరవ హీరోనే గానీ, అతని ధ్యాసంతా యూనిట్లు (ఆ లోకపు డబ్బు) కూడబెట్టి, సంపన్నుల లోకమైన కాంప్లెక్స్‌లో చోటు సంపాదించడం మీదే. గొప్ప పాత్ర అతనిది కాదు, అమితాబ్ వేసిన అశ్వత్థామది. భారతంలో నిద్రపోతున్న ఉపపాండవులను చంపి, ఉత్తర గర్భం మీద బ్రహ్మాస్త్రం వేసిన పాపి. అదే మనిషి ఆరువేల ఏళ్ల తర్వాత, ఒంటినిండా గాయపు కట్లతో, ఒక గర్భిణికి కాపలా కాస్తాడు. గర్భాన్ని చంపబోయినవాడే గర్భాన్ని కాపాడటం! ఈ ఒక్క మలుపు కోసం రచయిత కొత్తగా ఏ గ్రహాన్నీ కల్పించనక్కర్లేకపోయింది.

అదే చిత్రంలో కమల్ హాసన్ వేసిన విలన్ యాస్కిన్ సంగతి వేరు. గర్భిణుల నుంచి సారం పిండుకునే ఆ శిథిల దేహం భయపెడుతుంది, కానీ తెర మీద కనిపించేది కాసేపే. గొట్టాల మధ్య వేలాడే ఆ మనిషికి ఏ గాయం తగిలిందో, దేన్ని పోగొట్టుకుని ఇలా మారాడో మొదటి భాగం చెప్పలేదు. నెమోకు 1857 ఉంది, అశ్వత్థామకు శాపం ఉంది. యాస్కిన్‌కూ అలాంటిదొకటి రెండో భాగంలోనైనా ఇవ్వాలి. లేదంటే అతను ఖరీదైన మాంత్రికుడిగానే మిగిలిపోతాడు.