లెకో – ఒక మరచిపోయిన ఇంధనం కథ

ప్రత్యేక సంచికకు పాత రోజుల గురించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. నైవేలి అంటే మన పిల్లలకు గనులూ, కరెంటూ తెలుసు. లెకో అంటే తెలియదు. నేను పనిచేసిన విభాగం అదే కనుక ఆ సంగతే రాస్తున్నాను.

తమిళనాడులో, ఇప్పటి కడలూరు జిల్లాలో ఉంది నైవేలి. 1930లలో అక్కడ జంబులింగ మొదలియారుగారి పొలంలో బావి తవ్వుతుంటే నల్లటి పదార్థం పైకి వచ్చింది. అదే లిగ్నైటు. 1956లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 1957లో నెహ్రూగారు గని పనులు ప్రారంభించారు. 1961లో లిగ్నైటు పొర తేలింది. విద్యుత్తు, ఎరువులతోపాటు పొగలేని ఇంధనం కూడా తయారు చేయాలని తలపెట్టారు. 1960ల మధ్యలో ఆ ప్లాంటు నడక మొదలుపెట్టింది.

లిగ్నైటులో దాదాపు సగం నీరే. ఎండబెడితే పగిలి పొడి అయిపోతుంది. రాతిబొగ్గులో కొన్ని రకాల్లాగా వేడికి తనంత తాను ముద్దకట్టి కోకు కాదు. అందుచేత ముందు పొడిచేసి, ఆవిరి డ్రయ్యర్లలో ఆరబెట్టి, ప్రెస్సుల్లో గట్టిగా కొట్టి ఇటుకలు చేసేవాళ్లం. జిగురు ఏమీ కలపనక్కరలేదు. కిటుకంతా తడిలో ఉంది. ఎక్కువైతే ఇటుక పగులుతుంది, మరీ ఎండితే అతుక్కోదు. నేను చేరిన కొత్తలో ఒక పెద్ద మేస్త్రీ ఇటుకను విరిచి, ఆ చప్పుడు విని, తడి సరిపోయిందో లేదో చెప్పేవాడు. లేబొరేటరీ కాగితం తర్వాత వచ్చేది.

ఆ ఇటుకలను గాలి తగలని కొలుముల్లో, వేడి వాయువుల మధ్య సుమారు 600, 700 డిగ్రీల దగ్గర కాల్చేవారు. తారు, ఫినాళ్లు ఆవిరై విడిపోయేవి. వాటినుంచి కార్బాలిక్ ఆమ్లం తీసేవారు. మిగిలిన గట్టి నల్లటి ముక్కే లెకో. దాన్ని బాగా చల్లార్చకుండా బయటికి తీస్తే గాలి తగిలి అంటుకునేది. అందుకే ఆ చోట అందరం ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేవాళ్లం.

కర్మాగారాలకూ, ఇళ్లకూ లెకో వెళ్లేది. కుంపట్లో వేస్తే పొగ ఉండేది కాదు. కట్టెల పొయ్యి దగ్గర కళ్లు మండిన మా ఆవిడకు దాని విలువ నాకన్నా బాగా తెలుసు.

అయితే లెక్క చూడండి: ఒక టన్ను లెకోకు నాలుగు టన్నులకు పైగా లిగ్నైటు కావాలి. వంటగ్యాసు ఇంటింటికీ చేరింది. లిగ్నైటుకు కరెంటు తయారీలోనే గిరాకీ పెరిగింది. లెకో కాలం ముగిసింది. 2016లో సంస్థ పేరు కూడా మారింది.

దానికి నాకు చింత లేదు. కాలం చెల్లిన వస్తువు పోతుంది. కాని చప్పుడు విని తడి చెప్పిన ఆ మేస్త్రీ విద్య ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఆయనా లేరు. మీ చేతుల్లో ఉన్న పని గురించి మీరైనా నాలుగు ముక్కలు రాసి సంఘానికి పంపండి. మనవలు చదువుకుంటారు.