అడుగుజాడ లాంటి దీవి

పటంలో కన్యాకుమారి దగ్గర వేలు పెట్టి నైరుతిగా కిందికి జరపండి. మాల్దీవులు దాటాక, సుమారు 1,800 కిలోమీటర్ల దూరంలో సూదిమొన చుక్క ఒకటి కనిపిస్తుంది. అదే డీగో గార్షియా. శాగోస్ దీవులన్నిటిలో పెద్దది. పెద్దదంటే ఎంత? నేల వైశాల్యం ముప్పై చదరపు కిలోమీటర్లకు లోపే. పగడపు పురుగులు కట్టిన సన్నటి గట్టు ఒక మడుగును చుట్టుకుని, ఉత్తరాన మాత్రం సముద్రానికి దారి వదిలింది. పైనుంచి చూస్తే మనిషి పాదముద్రలా ఉంటుంది. చాలాచోట్ల ఎత్తు రెండు మీటర్లు మించదు.

మనకు ఈ దీవితో ఏం పని అనుకోకండి. 19వ శతాబ్దంలో కోరంగి, విశాఖ రేవుల నుంచి మనవాళ్లు చెరకు తోటల కూలీకి వెళ్లిన మారిషస్‌కు ఈ దీవులు అనుబంధంగా ఉండేవి. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ మారిషస్‌లోనే.

ఫ్రెంచివాళ్లు 18వ శతాబ్దం చివర ఆఫ్రికా, మడగాస్కర్ బానిసలను తెచ్చి ఇక్కడ కొబ్బరి తోటలు వేయించారు. 1786లో ఈస్టిండియా కంపెనీ బొంబాయి నుంచి మనుషుల్ని పంపి కాలు పెట్టబోయింది కానీ నిలవలేకపోయింది. 1814 పారిస్ ఒప్పందంతో మారిషస్‌తోపాటు ఇవీ బ్రిటన్‌కు దక్కాయి. బానిసత్వం రద్దయ్యాక దక్షిణ భారతం నుంచి కూడా కొందరు కూలీలు చేరారు. అందరూ కలిసి మాట్లాడిన భాష ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్. పాలన అంటే తోట మేనేజరే. జీతం సగం తిండి సరుకుల్లోనే. మేజిస్ట్రేటు మారిషస్ నుంచి ఎప్పుడో ఓడెక్కి వచ్చేవాడు.

ఎంత మారుమూలంటే, 1914 సెప్టెంబరు 22న మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టిన ఎమ్డెన్ నౌక అక్టోబరు 9న ఇక్కడికి వచ్చింది. యుద్ధం మొదలైందన్న సంగతే దీవిలో ఎవరికీ తెలియదు! జర్మన్లు మేనేజరుగారి మోటారు పడవ బాగుచేసి, చేపలూ పందులూ కానుకగా పుచ్చుకుని దర్జాగా వెళ్లిపోయారు.

అసలు కథ 1965 నవంబరు 8న మొదలైంది. స్వాతంత్ర్యం ఇవ్వబోయే ముందు బ్రిటన్ ఈ దీవులను మారిషస్ నుంచి విడదీసి, 30 లక్షల పౌన్లు ముట్టజెప్పి, ‘బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం’ అని కొత్త పేరు పెట్టింది. 1966 డిసెంబరులో సైనిక స్థావరం కోసం అమెరికాతో ఒప్పందం కుదిరింది. అద్దె లేదు. అమెరికా లోపాయికారీగా పొలారిస్ క్షిపణుల బాకీలో కోటీ 40 లక్షల డాలర్లు తగ్గించింది. మా బ్యాంకు భాషలో ఇది సర్దుబాటు పద్దు. నగదు కదలదు, లెక్క మాత్రం తెగుతుంది.

ఒక్క చిక్కు మిగిలింది, మనుషులు. వాళ్లను స్థిరనివాసులు కారు, ఒప్పంద కూలీలు అని కాగితాల మీద రాసుకున్నారు. తాతముత్తాతల సమాధులు అక్కడే ఉన్నవాళ్లు! కర్ణాటకలో తరాలుగా ఉంటూ తెలుగు మాట్లాడే మనకు, కాగితం మీద గీత జరగడమంటే తెలుసు. అయితే మనల్ని ఎవరూ ఓడెక్కించలేదు. వాళ్లను 1968 నుంచి 1973 మధ్య ఎక్కించారు. 1971లో పెంపుడు కుక్కలను సైతం చంపేశారు. పదిహేను వందల నుంచి రెండు వేల మంది మారిషస్, సీషెల్స్ మురికివాడల్లో తేలారు.

ఇక్కడ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. 1967లో కొబ్బరి తోటల కంపెనీకి బ్రిటన్ చెల్లించింది 6,60,000 పౌన్లు. 1972లో నిర్వాసితుల పునరావాసానికని మారిషస్ ప్రభుత్వానికి ఇచ్చింది 6,50,000. చెట్ల ధర మనుషుల ధర కంటే పదివేలు ఎక్కువ. పైగా ఆ సొమ్ము బాధితుల చేతికి అందడానికి ఏళ్లు పట్టింది. 1982లో మరో 40 లక్షలు ఇచ్చారు, మహిళలు వీధికెక్కి పోరాడిన మీదట.

ఒలివియే బాంకూ అనే నిర్వాసితుడు కోర్టుకెక్కి 2000లో గెలిచాడు. 2004లో రాణి పేర వచ్చిన ఆజ్ఞ ఆ గెలుపును తుడిచేసింది. 2008లో ప్రభువుల సభ 3–2 తేడాతో ప్రభుత్వం వైపే మొగ్గింది. 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం దీవుల్ని విడదీయడం చెల్లదని అభిప్రాయం చెప్పింది. మే నెలలో ఐక్యరాజ్యసమితిలో 116 దేశాలు దాన్ని బలపరిచాయి, భారత్ కూడా. ఆరు వ్యతిరేకించాయి.

2025 మే 22న బ్రిటన్, మారిషస్ సంతకాలు చేసిన ఒడంబడిక ప్రకారం సార్వభౌమాధికారం మారిషస్‌ది. డీగో గార్షియా మాత్రం 99 ఏళ్ల కౌలుకు, ఏటా సగటున 10 కోట్ల పౌన్లకు పైగా. మిగతా దీవుల్లో మారిషస్ మళ్లీ జనాన్ని స్థిరపరచవచ్చునట. డీగో గార్షియాలో పుట్టినవాళ్లకు మాత్రం సొంత దీవిలో కాపురానికి అందులో చోటు లేదు.