ఆరు నెలలు ఎండ ఎరుగని ఊరు

నార్వే దక్షిణ భాగంలో ర్యూకన్ అనే చిన్న ఊరుంది. 1,883 మీటర్ల గౌస్తాతొప్పెన్ కొండ పక్కన, ఇరుకైన లోయ అడుగున ఉంటుంది. సెప్టెంబరు చివర్లో ఊరు వదిలిన ఎండ మళ్ళీ మార్చి నడిమికి గానీ రాదు. ఆకాశం నీలంగానే ఉంటుంది, కొండ కొసలు మెరుస్తూనే ఉంటాయి. వీధిలో నడిచే మనిషి ఒంటి మీద మాత్రం ఎండ పడదు.

ఇది కావాలని కట్టిన ఊరు. జలపాతం నుంచి కరెంటు తీసి ఎరువులు తయారు చేయడానికి 1905లో నోర్స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది. దాన్ని పెట్టినవారిలో ముఖ్యుడైన సామ్ ఐడె ఫ్యాక్టరీతోపాటు కార్మికులకు ఇళ్ళూ కట్టించాడు. కొండ మీద అద్దాలు నిలిపి ఎండను ఊళ్ళోకి తిప్పుదామన్న ఆలోచన 1913లోనే వచ్చింది. ఐడెకి అది నచ్చింది గానీ, ఆ రోజుల్లో అయ్యే పని కాదు. దానికి బదులు కంపెనీ 1928లో రోప్‌వే వేయించింది. చలికాలంలో ఊరివాళ్ళు కొండ మీదికి వెళ్ళి కాసేపు ఎండలో నిలబడి రావడానికి! ఆ ఆలోచన పుట్టిన వందేళ్ళకు, 2013 అక్టోబరులో, అద్దాలూ వచ్చాయి. ఊరికి 450 మీటర్ల ఎత్తున మూడు, ఒక్కొక్కటి 17 చదరపు మీటర్లు. కంప్యూటర్ వాటిని సూర్యుడి వెంట తిప్పుతుంటే నడివూరి కూడలిలో ఎండ పడుతుంది. ప్రారంభం రోజున జనం నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మరీ వచ్చారు.

చీకటి మనసు మీద మోపే బరువును ఆ ఊరు మనిషి లోపంగా చూడలేదు. మంచినీళ్ళు, రోడ్డు లాగే అందరూ కలిసి తీర్చుకోవాల్సిన అవసరంగా చూసింది. నార్వేలో మానసిక వైద్యం ఆ చూపు అలవరచుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

మనోవ్యాధి ఉన్నవారి చికిత్స, సంరక్షణల కోసం నార్వే 1848లోనే చట్టం చేసింది. హెర్మన్ వెడెల్ మాయోర్ అనే డాక్టరు పట్టుదల దాని వెనక ఉంది. వీళ్ళు రోగులు, వీళ్ళను చూడాల్సింది వైద్యులు అన్నది అప్పటికి పెద్ద మాటే. 1855లో రాజధాని శివారులో గౌస్టాడ్ ఆసుపత్రి తెరిచారు. అయితే ఈ దేశం సన్నగా, పొడుగ్గా ఉత్తరానికి సాగిపోయింది. నెలల తరబడి చీకట్లో ఉండే ఉత్తరాదికి సొంత ఆసుపత్రి 1902లో గానీ రాలేదు, అది కూడా బోడో పట్నంలో. ఇంకా పైన ఉన్న ట్రోమ్సోలో ఓస్గోర్డ్ ఆసుపత్రి తెరిచేసరికి 1961 అయింది. అంతవరకు పై ప్రాంతాల రోగులు వందల కిలోమీటర్లు ప్రయాణం చేయాల్సిందే. ఇంటివాళ్ళు వెళ్ళి చూసి రావడం గగనం. చీకటి కన్నా ఈ దూరమే ఎక్కువమందిని కుంగదీసి ఉంటుంది.

చలికాలపు కుంగుబాటుకు వైద్యంలో ఒక స్థానం దొరికింది అమెరికాలో. కళ్ళ మీద పడే గట్టి వెలుతురు మనుషుల్లో మెలటోనిన్ అనే హార్మోనును అణచివేస్తుందని 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం చూపించింది. ఏటా శీతాకాలంలో వచ్చి వసంతంలో తగ్గే డిప్రెషన్‌ను 1984లో నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు వర్ణించారు. రోసెంథాల్ వలస వచ్చినవాడు. ఎండలు కాసే దక్షిణాఫ్రికా నుంచి న్యూయార్క్ చేరాక, చలికాలంలో తన హుషారు తగ్గడాన్ని తనలోనే గమనించాడు. ఆ పరిశోధనల నుంచి వచ్చిందే లైట్ థెరపీ: పొద్దున్నే 10,000 లక్స్ దీపం ముందు అరగంట కూర్చోవడం.

మరి ట్రోమ్సోలో అందరూ కుంగిపోయి ఉండాలి కదా? నవంబరు చివరి నుంచి జనవరి నడిమి దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. కానీ ఆ ఊళ్ళో జరిగిన సర్వేల్లో చలికాలపు మనోవేదన అనుకున్నంత కనిపించలేదు, నిద్ర ఇబ్బందులే కొంత ఎక్కువ. ఐస్‌లాండ్‌లో 1993లో అచ్చయిన అధ్యయనం కూడా ఈ జబ్బు అక్కడ అమెరికా తూర్పు తీరంలో కన్నా తక్కువని తేల్చింది. వంశపారంపర్యం కొంత కారణం కావచ్చునన్నారు పరిశోధకులు. బతికే తీరుకూ ఇందులో వాటా ఉందని నార్వేలో కొన్నేళ్ళున్నవారికి అనిపిస్తుంది. కిటికీ కిటికీకీ దీపం పెడతారు. స్కీయింగ్ దారుల పొడవునా లైట్లు వేస్తారు. మంచు పడుతున్నా పిల్లల్ని బయటికి పంపుతారు. మన సంక్రాంతి అయిన వారానికి, జనవరి 21 ప్రాంతంలో, సూర్యుడు కొండల మీద తిరిగి కనిపిస్తే ట్రోమ్సో అంతా పండగ చేసుకుని ‘సూర్యుడి బన్నులు’ తింటుంది.

వీటన్నిటికన్నా గట్టి మార్పు 1998లో వచ్చింది. ప్రధానమంత్రి షెల్ మాగ్నె బొండెవిక్ తనకు కుంగుబాటు వచ్చిందని దేశానికి బాహాటంగా చెప్పి సెలవు పెట్టాడు. మూడు వారాలు దాటాక తిరిగి వచ్చి పని అందుకున్నాడు. జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. 2001లో ఆయన మళ్ళీ ప్రధాని అయ్యాడు. మానసిక ఆసుపత్రి ఉన్న ‘ఎర్రగడ్డ’ పేరే ఎగతాళి మాటగా మారిన చోటి నుంచి వచ్చినవారికి ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కర్లేదు. మానసిక వైద్యాన్ని మనుషుల ఇళ్ళ దగ్గరికి చేర్చే జాతీయ ప్రణాళిక 1999లో మొదలై 2008 దాకా సాగింది.

తెలుగు ఇళ్ళ నుంచి నార్వేకి చదువుకో ఉద్యోగానికో వచ్చే పిల్లలకు మొదటి చలికాలం కష్టంగానే ఉంటుంది. నల్లని ఒంటికి ఇక్కడి పలచని ఎండలో విటమిన్ డి చాలదు కాబట్టి ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది. మనసు కుంగితే మాత్రం విటమిన్ మాత్ర ఒక్కటే మందు కాదు. లైట్ థెరపీ కూడా అందరికీ పడదు, బైపోలార్ జబ్బు ఉన్నవారికి ముప్పు తేవచ్చు. అమ్మానాన్నలు ఫోనులో ‘తిన్నావా’ అని అడిగాక, ‘నిద్ర పడుతోందా, పగలు బయటికి వెళ్తున్నావా’ అని కూడా అడగండి. దిగులు రెండు వారాలు దాటినా, బతుకు మీద విరక్తి మాట నోట వచ్చినా ‘అదే అలవాటవుతుందిలే’ అని తీసిపారేయకండి. వెంటనే డాక్టరు దగ్గరికి పంపండి. నార్వేలో నివాసిగా నమోదైన ప్రతి ఒక్కరికీ సొంతంగా ఒక ఫ్యామిలీ డాక్టరు ఉండే ఏర్పాటు 2001 నుంచీ ఉంది.