కొమొడో ఉడుమును కనిపెట్టిందెవరు?

కొమొడో వెళ్ళొచ్చినప్పట్నుంచీ ఆఫీసులో అందరిదీ ఒకటే ప్రశ్న, "డ్రాగన్‌ని దగ్గర్నుంచి చూశావా?" అని. చూశాను. దాదాపు మూడు మీటర్ల ఉడుము, చెట్టు నీడన పడుకుని నావంక కన్నెత్తైనా చూడలేదు. అంతకన్నా ఎక్కువగా నన్ను ఉడుంపట్టు పట్టింది దాని చరిత్ర.

ఏ పుస్తకం తిరగేసినా ఈ జీవిని 1910లో కనుక్కున్నట్టే రాస్తారు. అప్పట్లో ఇండోనేషియా డచ్చివాళ్ళ చేతిలో ఉండేది. ఫ్లోరెస్‌లో పనిచేసే వాన్ స్టెయిన్ అనే లెఫ్టినెంటు "నేల మొసలి" ఉందన్న మాట విని వెళ్ళి, ఒకదాని ఫొటో, చర్మం బోగోర్ మ్యూజియంకి పంపాడు. 1912లో అక్కడి డైరెక్టర్ పీటర్ ఔవెన్స్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. 1926లో డగ్లస్ బర్డెన్ అనే అమెరికన్ డబ్బున్నాయన ఓడేసుకొచ్చి, చంపినవి 12, బతికున్నవి 2 పట్టుకుపోయాడు. అతని కబుర్లు విన్న స్నేహితుడు మెరియన్ కూపర్ 1933లో 'కింగ్ కాంగ్' తీశాడు.

బానే ఉంది. మరి అంతకుముందు నుంచీ ఆ దీవిలో ఉంటున్నవాళ్ళ మాటేమిటి? వాళ్ళు దీన్ని "ఓరా" అంటారు. వాళ్ళ కథలో పుత్రి నాగ అనే ఆవిడకి (చూశారా, పేరుకి తర్జుమా అక్కర్లేదు!) కవలలు - ఒక పిల్లాడు, ఒక ఓరా. పెద్దయ్యాక అడవిలో తను కొట్టిన జింక కోసం వచ్చిన ఓరా మీద వాడు బల్లెం ఎత్తితే, తల్లి ప్రత్యక్షమై "అది నీ తోబుట్టువురా" అందట. వేటాడిన జింకలో కొంత ఓరాలకి వదిలేసేవాళ్ళనీ చెబుతారు.

1980లో నేషనల్ పార్కు వచ్చింది, 1991లో యునెస్కో గుర్తింపు. జింకల వేట బంద్, చేపలు పట్టే చోట్లకీ హద్దులు. పార్కు వల్ల మేలు జరగలేదనను. డైనమైట్ పెట్టి చేపలు పట్టేవాళ్ళని అడ్డుకోకపోతే మనం ఈదుకుంటూ చూసే పగడపు దిబ్బలూ, మాంటా రేలూ మిగిలేవా? కానీ తరతరాలుగా వేటా, చేపలూ నమ్ముకున్న ఊరు ఇప్పుడు చాలావరకు చెక్క ఓరాలు చెక్కి టూరిస్టులకి అమ్ముకుంటోంది. నేనూ ఒకటి కొన్నాను.

2019లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం దీవిని ఏడాదిపాటు మూసేస్తాం, ఊరినీ ఖాళీ చేయిస్తాం అంది. తోబుట్టువుని కాపాడ్డానికి తోబుట్టువుని గెంటేయడమన్నమాట! ఊరివాళ్ళు ఎదురుతిరిగారు, ఆ ఏడాదే ఆలోచన విరమించుకున్నారు. 2021లో ఐయూసీఎన్ ఓరాని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. అందుకు చెప్పిన ముఖ్య కారణం - వేడెక్కుతున్న భూమి, పెరుగుతున్న సముద్రమట్టం. 45 ఏళ్ళలో దానికి పనికొచ్చే చోటు కనీసం 30 శాతం తగ్గుతుందని అంచనా. అక్కడికి మూడు విమానాలు మారి వెళ్ళినవాణ్ణి నేను, పొయ్యేంత దూరం పడవలో వెళ్ళేవాళ్ళు వాళ్ళు.