ఎండను దాచుకొన్న దీపము

సంధ్యవేళ నిచ్చెనయు, నూనెడబ్బాయు పట్టుకొని వీధిదీపములను వెలిగింపవచ్చు మనిషి మన తాతలెరిగినవాడే. ఆ దీపము గ్రుడ్డిదే. కాని దానికి తీగ అక్కరలేదు. విద్యుత్తు వచ్చిన పిమ్మట వెలుగు హెచ్చినది. అయినను తీగ చేరనిచోటికి దీపము చేరలేదు. మోటారుదారికి దక్కిన కాంతి కాలిబాటకు తరచు దక్కలేదు.

ఈ చిక్కును విప్పిన కథ 1839లో మొదలైనది. ఆ యేట ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకరెల్ కాంతివలన విద్యుత్తు పుట్టుటను గమనించెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చేపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికాను ఘటమును చేసి చూపిరి. తనపై పడిన యెండలో అది విద్యుత్తుగా మార్చినది నూటికి ఆరుపాళ్లు మాత్రమే. 1958లో వాన్‌గార్డ్ ఉపగ్రహముతో అది ఆకాశమునకెక్కినది. నేలమీది బాటకు దిగివచ్చుటకు మాత్రము చాలకాలము పట్టినది. ఫలకముల ధర తగ్గవలెను. పగటి విద్యుత్తును రాత్రికి దాచు బ్యాటరీ కుదురవలెను. కొద్ది విద్యుత్తుతో వెలుగు ఎల్.ఇ.డి. దీపము రావలెను.

2014లో నెదర్లాండ్సులో, చిత్రకారుడు వాన్ గో కొంతకాలము నివసించిన న్యూనెన్ చెంత, పగటి యెండను త్రాగి రాత్రి మిణుకుమను సైకిలుబాటను వేసిరి. 2023లో మన హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలుబాటకు సౌరఫలకములనే కప్పుగా పరచిరి. నీడనిచ్చునదియు, విద్యుత్తునిచ్చునదియు ఒక్క కప్పే.

అయినను ఫలకముపై దుమ్ము తుడువనిచో, అలసిన బ్యాటరీని మార్చనిచో, ఈ దీపమును గ్రుడ్డిదగును. నిచ్చెనతో వచ్చిన ఆ మనిషి పని తీరలేదు. చేతిలోని నూనెడబ్బా మాత్రమే మారినది. నడచిపోవువారికిని వెలుగు దక్కవలెనని మనము కోరుదుమేని, అతనిని మరువరాదు.